రాజీనామా మాత్రం రాయకు

గుంటూరు,
10 నవంబరు 2025

చిట్టితల్లీ,

నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని మీ పెద్దమ్మ కోడలు ఫోన్లో చెప్పింది. నీ ఉత్తరంలో ఆ ముక్కే లేదు. రిసెప్షన్‌లోంచి లేపి వెనక స్టాకు గదిలో కూర్చోబెట్టారని, కస్టమర్లు ఇబ్బంది పడుతున్నారన్నారని మాత్రం రాశావు. ఏ కస్టమరు? ఫిర్యాదు కాగితం ఉందా? ముందు అది అడుగు.

నా ఉద్యోగమంతా ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లోనే గడిచింది. ఉత్తర్వులిచ్చి తీసేసినవాళ్ల కన్నా, "నీ మంచికే" అని బుజ్జగించి రాయించుకుని పంపినవాళ్లనే ఎక్కువ చూశాను. "సొంత కారణాల వల్ల" అని నీ చేత్తో నువ్వు రాసిచ్చాక, రేపు ఎవరి దగ్గరికెళ్లినా ముందు ఆ కాగితమే తీసి చూపిస్తారు.

నాకింకా పెళ్లికాని రోజుల్లో మా సూపరింటెండెంటు నన్నూ రికార్డు రూముకు పొమ్మన్నాడు. ఆడపిల్ల కౌంటర్లో ఉంటే జనం ఊరికే మూగుతున్నారట! అక్కడ ఫైళ్ల కన్నా ఎలుకలెక్కువ. "మెమో ఇప్పించండి సార్, వెళతాను" అన్నాను. ఆయన మెమో రాయలేదు, నేను సీట్లోంచి లేవలేదు. మనిషి చెడ్డవాడేం కాదు, వంకాయ కూరంటే ప్రాణం. ఆయన రిటైరైన రోజు నేనే వండి పట్టుకెళ్లాను. సరే, అదంతా ఇప్పుడెందుకులే.

నీకు నాకన్నా గట్టి ఆధారముంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో గానీ ప్రమోషన్లో గానీ వివక్ష చూపకూడదు. ప్రైవేటువాళ్లకూ అదే వర్తిస్తుంది. 11వ సెక్షన్ ప్రకారం మీ ఆఫీసులో ఫిర్యాదులు చూసే అధికారి ఒకరుండాలి. ఆయన 15 రోజుల్లో విచారణ చెయ్యాలని 2020 రూల్సు. ఆ అధికారి ఎవరో రాతపూర్వకంగా చెప్పమను. చట్టానికి కోరలు తక్కువే, ఒప్పుకుంటాను. మొన్న అక్టోబరు 17న సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వాలు దీన్ని సరిగా అమలు చేయలేదని మందలించింది. ఆ కేసు వేసింది నీలాంటి అమ్మాయే, టీచరు. ఉత్తరప్రదేశ్‌లో ఒక బడి మాన్పించింది, గుజరాత్‌లో ఇంకో బడి ఉద్యోగం ఇస్తామని చెప్పి చేరనివ్వలేదు. కోర్టు ఆమెకు పరిహారం ఇప్పించింది.

జుట్టు జడకు వచ్చిందా తల్లీ? హెల్మెట్ కింద చెమటకు ఊడిపోతుంది, వారానికోసారి తలంటుకో. మీ నాన్న నిన్ను పాత పేరుతోనే పిలుస్తున్నాడని బాధపడకు. మొన్న నా దగ్గర మాత్రం "అమ్మాయి తింటోందో లేదో" అన్నాడు. అమ్మాయి అన్నాడు, విన్నావా!

పేరంటే గుర్తొచ్చింది. కలెక్టరు ఇచ్చిన గుర్తింపు పత్రం పెట్టి పీఎఫ్‌లో, జీతం చీటీలో పేరు మార్పించు. దరఖాస్తు నకలు మీద ముట్టినట్టు సంతకం, తేదీ, స్టాంపు తీసుకో. సీటు ఎందుకు మార్చారో చెప్పమని రేపే మెయిల్ పెట్టు, నాకూ ఒక కాపీ పంపు. ఏ కాగితం మీద సంతకం అడిగినా ఫొటో తీసి నాకు పెట్టు. నేను చదివేదాకా పెన్ను మూత తియ్యకు.

మీ అత్త