ఇంటి ముంగిటి బాటయు, దాని క్రింది నేలయు

ఇల్లు కట్టుకొనునపుడు చేయు ఆలోచనలో నూఱవ వంతైనను వాకిటి బాటను గూర్చి చేయువారు అరుదు. ఇల్లు పూర్తియై, చేతిలోని సొమ్ము అడుగంటిన తరువాత, మిగిలిన ఇసుకను నేలమీద చల్లి, దానిపై సిమెంటు బిళ్ళలనో షాబాదు బండలనో పఱచి, పని అయినదనిపించుకొందుము. తొలి వర్షాకాలము గడచునప్పటికి ఒక బిళ్ళ పైకి లేచును. దాని ప్రక్కది క్రుంగును. నడుమ నీరు నిలుచును. చీకటిలో పెరటికి పోవు అవ్వ కాలు తగులునది సరిగా ఆ లేచిన అంచునకే. వృద్ధులకు తుంటి యెముక విఱిగినచో ఏమగునో, నాగేపల్లినుండియు సిరొంచ వైపు గ్రామములనుండియు శస్త్రచికిత్స జరుగు పెద్ద ఆసుపత్రికి ఎంత దూరమో, తల్లిదండ్రులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున ఈ సంచికలో శాస్త్రపాఠమునకు వాకిటి బాటనే విషయముగా గైకొనుచున్నాము.

మొదట మనకు చాల దూరమైన దేశముల సంగతి కొంచెము చెప్పవలసి యున్నది. కెనడాయందలి టొరంటోలోను, అమెరికాయందలి షికాగో, మినియాపోలిస్ నగరములలోను నేడు తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడి యున్నవి. అచ్చట శీతకాలమున నేల పైనుండి మూడు నాలుగు అడుగుల లోతువఱకు గడ్డకట్టును. మినెసోటా రాష్ట్రపు నిర్మాణ నిబంధనలు ఇంటి పునాది దక్షిణ భాగమున 42 అంగుళముల లోతునకును, ఉత్తర భాగమున 60 అంగుళముల లోతునకును దిగవలయునని విధించుటకు కారణమిదియే. అట్టిచోట బాటబిళ్ళలు చలిలో పైకి లేచును. వసంతమున మంచు కరగినపుడు వంకరగా దిగబడును.

నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము నూటికి సుమారు 9 వంతులు పెరుగునని పిల్లలు చదివియే యుందురు. బాట లేచుటకు అదియే కారణమని చాలకాలము భావించిరి. అమెరికా శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ టేబర్ 1929, 1930 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనలలో ఈ భావనను తలక్రిందులు చేసెను. ఆయన మన్నును నీటితో గాక బెంజీను అను ద్రవముతో తడిపి చల్లబఱచెను. బెంజీను గడ్డకట్టునపుడు పెరుగదు సరికదా తగ్గును. అయినను మన్ను ఉబ్బినది! దీనివలన తేలినదేమన, నేలలో ఉన్న నీరు పెరుగుట కంటె, క్రిందినుండి క్రొత్త నీరు దీపపు వత్తిలో నూనెవలె ఎగబ్రాకి, గడ్డకట్టు చోటికి చేరి, పలుచని మంచుపొరలుగా పేరుకొనుటయే ప్రధాన కారణము. ఇందులకు చలి, నీరు, నీటిని పైకి లాగు మెత్తని మన్ను, ఈ మూడును కలియవలెను. చలిని మనుష్యుడు ఆపలేడు. కావున ఆ దేశపు పనివారు మిగిలిన రెంటిని పట్టుకొనిరి. మెత్తని మన్ను త్రవ్వి పాఱవేసి, దాని స్థానమున కంకరను మందముగా వేసి, నీటికి దారి చూపుదురు.

మనకు మంచు లేదు. కాని మూడింటిలో రెండు మనకును కలవు. చలికి బదులు మనకు లభించినది ఎండవానల పర్యాయము. గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి ఒడ్డుల నల్లరేగడి ఎండకాలమున చేయి దూరునంత వెడల్పుగా బీటలు వాఱును. వేయి మిల్లీమీటర్లకు మించిన వర్షము నాలుగు మాసములలో కురియగా, ఆ బీటలగుండ నీరు లోపలికి దిగి నేల ఉబ్బును. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైటు అను ఖనిజము కలదు. దాని పొరలు పుస్తకపు పుటలవలె ఒకదానిపై నొకటి యుండి, నడుమ నీరు చేరినపుడు ఎడముగును. నీరు పోయినపుడు దగ్గఱకు వచ్చును. చలిదేశపు బాట ఏటికొక్క శీతకాలమున లేచి దిగినట్లే, మన బాట ఏటికొక్క వర్షాకాలమున లేచి దిగుచున్నది.

మీ వాకిటి మన్ను ఎట్టిదో పిల్లలచేతనే పరీక్షింపజేయవచ్చును. భారతీయ ప్రమాణము 2720, 40వ భాగమున (1977) చెప్పిన పద్ధతి మిక్కిలి సులభము. బాగుగ ఎండిన మన్నును నలిపి సన్నని జల్లెడతో జల్లించి, 10 గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టములలో వేసి, ఒకదానియందు నీటిని, రెండవదానియందు కిరసనాయిలును 100 మిల్లీలీటర్ల గీటు వఱకు పోసి, కలిపి, 24 గంటలు కదలనీయక ఉంచవలెను. కిరసనాయిలు ఖనిజపు పొరల నడుమ జొరబడదు, నీరు జొరబడును. కిరసనాయిలులో మన్ను 10 మిల్లీలీటర్లును, నీటిలో 16 మిల్లీలీటర్లును ఆక్రమించినదనుకొందము. తేడా 6, దానిని 10తో భాగించి 100తో హెచ్చింపగా 60 వచ్చును. ఈ సంఖ్య 50కి మించినచో ఆ నేల ఉబ్బు స్వభావము కలది. ఇంట కొలత గొట్టములు లేనిచో ఒకే తీరు గాజుగ్లాసులు రెండు చాలును. ఈ పనిని పొయ్యికి దూరముగ, పెద్దల యెదుట చేయింపవలెను.

టేబరు బెంజీనుతో చేసిన ప్రశ్నయు, మన పిల్లవాడు కిరసనాయిలుతో చేయు ప్రశ్నయు ఒక్కటే: ఉబ్బునది మన్నా, మన్నులోనికి వచ్చిన నీరా?

నల్లరేగడిని లొంగదీయు ఉపాయము మన దేశముననే వెదకబడినది. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్. కె. కట్టి 1970 ప్రాంతములనుండి చేసిన పరిశోధనలలో, ఉబ్బని బంకగల మట్టిని, అనగా మొరమువంటి దానిని, రేగడిపై పొరగా వేసి అణచినచో క్రింది నేల కదలిక పైకి రాకుండ అడ్డుపడునని నిరూపించెను. కాలువల లైనింగు క్రింద ఈ పొరను సుమారు ఒక మీటరు మందమున వేయుట కలదు. ఇంటి బాటకు అంత శక్యము కాదు, అవసరమును లేదు.

అడుగు మాటను మఱచినచో ఎంత పెద్ద కట్టడమునకైనను ముప్పు తప్పదు. సిరొంచ ఒడ్డును తాకుచున్న మేడిగడ్డ బ్యారేజీ స్తంభములు 2023 అక్టోబరులో క్రుంగినపుడు, కేంద్రము పంపిన నిపుణులు చూపిన కారణములలో పునాది క్రింది ఇసుక నీటితో జాఱిపోవుట ముఖ్యమైనది. అదే గోదావరికి ఆవలి వైపున పాలంపేటలోని రామప్ప దేవాలయము, 1213 నాటి శాసనము గలది, ఇసుక నింపిన పునాదిపై నిలిచి 2021లో యునెస్కో జాబితాకెక్కినది. ఇసుక రెండు చోట్లను ఇసుకయే. నీరు దానిని కదలించునా లేదా యన్నదే భేదము.

ఇక పనికి వత్తము. కాలము మొదట చూడవలెను. నడివేసవిలో రేగడి పూర్తిగ ముడుచుకొని యుండును. అప్పుడు పఱచినచో వానలకు లేచును. శ్రావణమున ఉబ్బియుండును, అప్పుడు పఱచినచో వేసవికి క్రుంగును. కార్తీక మార్గశిరములు మధ్యస్థములు, కూలివారు దొరకుట కష్టమైనను.

త్రవ్వకము సుమారు ఒక అడుగు లోతు. గుంట అడుగు సైతము వీధి కాలువ వైపు వాలియుండవలెను. ఇందు మన పద్ధతికిని చలిదేశపు పద్ధతికిని ఒక తేడా గలదు. దీనిని గమనింపక పుస్తకములు చూచి పని చేయువారు నష్టపడుదురు. అచ్చట కంకర పొర నీటిని క్రిందికి దింపును. మన రేగడి నీటిని త్వరగా పీల్చదు. వాలు లేని రేగడి గుంటలో ఇసుకయో కంకరయో నింపినచో అది నీటితొట్టియై, చుట్టు నేలను నెలల తరబడి నానబెట్టును. కనుక మనకు అడుగున మొరము, దానిపైననే కంకర. మొరము 150 మిల్లీమీటర్లు, ఒకేసారి గాక రెండు వరుసలుగా, తడిపి దిమ్మెసతో కొట్టవలెను. తడి చాలినదా యని తెలియుటకు గుప్పెట పట్టిచూడుడు: ముద్ద నిలువవలెను, అరచేతికి నీరు అంటరాదు. దానిపై రాతిపొడి కలిసిన కంకర 100 మిల్లీమీటర్లు, ఇదియు కొట్టినది. చివర నది ముతక ఇసుక 30 మిల్లీమీటర్లు మాత్రమే. మిట్టపల్లములను ఇసుకతో కప్పిపుచ్చు మేస్త్రీని అచ్చటనే ఆపుడు. ఇసుక మందమైన చోటనే రేపు బిళ్ళ క్రుంగును. ఒకే లావు గల రెండు గొట్టములు పఱచి, వానిపై తిన్నని బద్దను లాగినచో ఇసుక సమముగ వచ్చును. లాగిన ఇసుకపై అడుగు పెట్టరాదు.

బిళ్ళల విషయమున, నడకకు మాత్రమే యైన బాటకు 50 మిల్లీమీటర్ల మందము చాలునని 2006 నాటి భారతీయ ప్రమాణము 15658 పేర్కొన్నది. మోటారు సైకిలు వాకిలిదాక రాని యిల్లు నేడు తక్కువ గనుక 60 మిల్లీమీటర్లవి కొనుట మేలని మా అభిప్రాయము. బిళ్ళల నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడిచి, పొడి సన్న ఇసుకను చీపురుతో నింపి, పైన చెక్క వేసి కొట్టవలెను. బాటకు రెండు ప్రక్కల నిలువురాళ్ళనో కాంక్రీటు అంచునో పాతనిచో బిళ్ళలు ప్రక్కలకు జరుగును. పొదుపు పేరిట విడుచునది తఱుచుగ ఈ అంచే. సిమెంటు ముద్దపై బిళ్ళలు అతికించిన బాట గట్టిదని కొందఱు నమ్ముదురు. కదలు నేలపై అది పగులును. ఇసుకపై బాటయో, క్రుంగిన చోట నాలుగు బిళ్ళలు తీసి, సరిచేసి, మరల వానినే పెట్టుకొనుటకు వీలిచ్చును.

లెక్క పిల్లలకే వదలుడు. 10 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు గల బాట 12 చదరపు మీటర్లు. 200 × 100 మిల్లీమీటర్ల బిళ్ళలు చదరపు మీటరునకు 50. అనగా 600, విఱుగుడుకు మఱి 30. అణగిన మొరము 1.8 ఘనపు మీటర్లు. కొట్టక మునుపటిది నాల్గవ వంతు అధికముగ తెప్పింపవలెను. వాలు నూటికి 2 వంతులు, 1.2 మీటర్లకు 24 మిల్లీమీటర్లు, రమారమి ఒక అంగుళము, ఇంటి గోడకు ఎదురు దిక్కునకు. పారదర్శకమగు గొట్టములో నీరు నింపి రెండు కొనలను చూచినచో మట్టము తెలియును.

ఇచ్చట ఒక మాట. సామాను తెచ్చు బండివాని చీటీ మరాఠీలో నుండును. అందు ‘రేతీ’ యనునది మన ఇసుక, ‘గిట్టీ’ మన కంకర, ‘ఫర్షీ’ మన పఱుపుబండ. ‘మురూమ్’ మాత్రము మన మొరమునకు చెవిచుట్టమే. ఇంట తాతగారు చెప్పు మాటయు, చీటీలోని మాటయు రెండును పిల్లవానికి తెలిసినచో, మొరమునకు బదులు చెఱువుమన్ను దింపి పోయిన బండిని గుర్తించి నిలదీయగలడు.

బాట ముగిసిన పిదప స్నానాల గది నీరు దాని ప్రక్కకు పోకుండ చూడుడు. ఒక్క చోటనే నిత్యము తడిసిన నేల ఆ చోటనే ఉబ్బును. వేపచెట్టు మొదటికి బాటను ఆనింపవలదు. వేళ్ళు వేసవిలో నేలతడిని లాగి క్రుంగజేయును. 2022 జూలైలో వచ్చిన గోదావరి వఱదవంటిది ముంచినచో ఏ బాటయు నిశ్చలముగ నుండదు. నీరు తీసిన నెల దినములకు సందులలోని ఒండ్రును గోకి, పొడి ఇసుకను మరల నింపి, లేచిన బిళ్ళలను మాత్రము తీసి కూర్చవలెను. వఱద రాకున్నను తొలి వర్షాకాలము తరువాత ఒకమారు సందులలో ఇసుక చూచుకొనుడు. సగము దిగిపోయి యుండును. ఒక గంపెడు ఇసుక ఇందులకై పందిరి క్రింద పొడిగ దాచియుంచినచో చాలును.