ఏసీ జల్లెడలో దుమ్ము – ఈబీ బిల్లులో భారం

వేలూరు చుట్టూ రాతి కొండలు. పాలారు ఏడాదిలో చాలా నెలలు ఇసుకమేటగానే కనిపిస్తుంది. మే నెల తొలి రోజుల్లో మొదలై నెలాఖరు వరకు సాగే అగ్ని నక్షత్రాన్ని ఇక్కడివారు కత్తిరి వెయిల్ అంటారు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయన్న తెలుగు సామెత ఈ ఊరికీ సరిపోతుంది. గుడియాత్తంలో గంగమ్మ శిరస్సు ఉత్సవం జరిగేది కూడా ఈ ఎండల్లోనే. పగటి వేడి 40 డిగ్రీలు దాటిన రోజున, గోడలు తాగిన ఎండ అర్ధరాత్రి దాకా గదిలోకి దిగుతూనే ఉంటుంది.

ఉద్యోగం కోసమో, చదువు కోసమో, ఆసుపత్రి వైద్యం కోసమో వచ్చి అద్దె ఇళ్లలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇటువంటి రాత్రులలో ఏసీ విలాసవస్తువు కాదు. ఇంట్లో వృద్ధులో, శస్త్రచికిత్స చేయించుకున్నవారో, పసిపిల్లలో ఉంటే అది అవసరమే. అయితే రెండు నెలలకొకసారి వచ్చే విద్యుత్ బిల్లు ఆ చల్లదనానికి వెల కడుతుంది. ఆ వెలలో కొంత భాగం చల్లదనానికి కాదు, ఏసీలో పేరుకున్న దుమ్ముకు చెల్లిస్తున్నదే. దానిని తగ్గించుకోవడానికి కొత్త యంత్రం కొననవసరం లేదు.

దుమ్ము చేసే పని

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని వేడిని తీసుకుపోయి బయట వదులుతుంది. గోడకు అమర్చిన లోపలి పెట్టెలోని ఫ్యాను గది గాలిని లాగుతుంది. ఆ గాలి మొదట జల్లెడ వంటి సన్నని ఫిల్టరు గుండా, తరువాత చల్లని కాయిల్ మీదుగా సాగి, వేడిని అక్కడ విడిచి గదిలోకి తిరిగి వస్తుంది. కాయిల్ గ్రహించిన వేడిని కంప్రెసరు బయటి పెట్టెకు చేరుస్తుంది. అక్కడి కాయిల్ దానిని ఆరుబయట వదిలేస్తుంది. ఏసీ వాడే విద్యుత్తులో అధిక భాగం ఈ కంప్రెసరుదే.

ఫిల్టరు మూసుకుపోతే లోపలికి వెళ్లే గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే గది చల్లబడడం ఆలస్యమవుతుంది, కంప్రెసరు ఎక్కువసేపు తిరుగుతుంది. ఒక్కొక్కసారి కాయిల్ మరీ చల్లబడి దానిమీద మంచు పేరుకుంటుంది. అప్పుడు గాలికి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఏసీ ఆడుతూనే ఉంటుంది గాని గది చల్లబడదు. చాలామంది అప్పుడు రిమోటు తీసుకొని 18 డిగ్రీలకు తగ్గిస్తారు. దానివల్ల గాలి పెరగదు. కంప్రెసరుకు విశ్రాంతి లేకుండా పోతుంది, అంతే.

బయటి పెట్టెకూ ఇదే కష్టం. రోడ్డు దుమ్ము, పాలారు ఇసుక, మగ్గాలున్న వీధుల్లో నూలు నుసి దాని కాయిల్ రేకుల మధ్య అట్టకట్టుకుంటాయి. వేడి బయటికి పోయే దారి ఇరుకై కంప్రెసరు మీద ఒత్తిడి పెరుగుతుంది. అదే పనికి ఎక్కువ విద్యుత్తు ఖర్చవుతుంది. బయటి పెట్టెకు ఎదురుగా బట్టలు ఆరవేసినా, పాత సామాను పేర్చినా ఫలితం ఇదే.

500 యూనిట్ల గీత

మూసుకుపోయిన ఫిల్టరు స్థానంలో శుభ్రమైనది అమర్చితే ఏసీ వాడకం 5 నుండి 15 శాతం వరకు తగ్గవచ్చునని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఇది చిన్న లెక్కగా కనిపించవచ్చు. తమిళనాడు విద్యుత్ ధరల పద్ధతిలో ఇది చిన్నది కాదు.

ఇక్కడ గృహ వినియోగాన్ని రెండు నెలలకు లెక్కిస్తారు. 2016 నుండి మొదటి 100 యూనిట్లు ఉచితం. మొత్తం వాడకం 500 యూనిట్ల లోపు ఉన్నవారికి ఒక ధరల పట్టిక, 500 దాటినవారికి మరొకటి. 2022 సెప్టెంబరు 10 నుండి అమలైన ధరల ప్రకారం, 500 వరకు వాడినవారు 101 నుండి 200 వరకు యూనిట్‌కు 2.25 రూపాయలు, 201 నుండి 400 వరకు 4.50, ఆపైన 6 రూపాయలు చెల్లించాలి. 500 దాటితే ఆ 2.25 రూపాయల మెట్టే ఉండదు. 101వ యూనిట్ నుండే 4.50 లెక్క మొదలవుతుంది. 401 నుండి 500 వరకు 6 రూపాయలు, 501 నుండి 600 వరకు 8 రూపాయలు.

గుడియాత్తంలో ఒక కుటుంబం రాత్రికి ఆరు గంటలు ఏసీ వేస్తుందని, అది గంటకు సగటున ఒక యూనిట్ తీసుకుంటుందని అనుకుంటే, 60 రోజులకు 360 యూనిట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, మిక్సీ, దీపాలకు మరో 150. మొత్తం 510. పై ధరల ప్రకారం బిల్లు 2,030 రూపాయలు. ఫిల్టరు శుభ్రం చేయడం వల్ల ఏసీ వాడకం 5 శాతమే తగ్గినా 18 యూనిట్లు మిగులుతాయి. మొత్తం 492 అవుతుంది, బిల్లు 1,677కు దిగుతుంది. తేడా 353 రూపాయలు. ఇందులో 128 రూపాయలు ఆ 18 యూనిట్ల వెల. మిగిలిన 225 రూపాయలు గీత దాటకపోవడం వల్ల నిలిచిన రాయితీ.

ఆ తరువాత ధరలు మారాయి. 500 దగ్గర రాయితీ తగ్గే పద్ధతి మాత్రం 2024 జులై సవరణలోనూ కొనసాగింది. కనుక ప్రతి కుటుంబమూ ప్రస్తుత పట్టికను ఈబీ కార్యాలయంలో సరిచూసుకొని, నెల గడిచాక ఒకసారి మీటరు చూసుకోవడం మంచిది. నెలకే 250 యూనిట్లు దాటి ఉంటే జాగ్రత్తపడడానికి ఇంకా ముప్పై రోజుల వ్యవధి ఉన్నట్టే.

శుభ్రం చేసే పద్ధతి

వేసవిలో రెండు వారాలకొకసారి, మిగిలిన కాలంలో నెలకొకసారి ఫిల్టరు కడిగితే చాలు. ముందుగా ఏసీని రిమోటుతో ఆపడమే కాక, గోడ స్విచ్ కూడా ఆపాలి. లోపలి పెట్టె ముందు మూత ఎత్తి ఫిల్టరును మెల్లగా బయటికి తీయాలి. దుమ్ము పట్టిన వైపు నుండి కాక వెనుక వైపు నుండి నీళ్లు పోయాలి. అప్పుడే దుమ్ము కన్నాల్లో ఇరుక్కోకుండా బయటికి పోతుంది. జిడ్డు ఉంటే కొద్దిగా సబ్బునీరు వాడవచ్చు. వేడినీళ్లు, గట్టి బ్రష్షు పనికిరావు. నీడలో పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి అమర్చాలి. ఆరేలోగా ఫిల్టరు లేకుండా ఏసీ వేయరాదు. అలా వేస్తే దుమ్ము నేరుగా తడి కాయిల్‌కు అంటుకుంటుంది, దానిని తీయడం ఇంటివారి వల్ల కాదు.

కాయిల్ కడగడం, బయటి పెట్టెను శుభ్రం చేయడం, నీరు పోయే గొట్టంలో అడ్డు తీయడం మెకానిక్ చేయవలసిన పనులు. ఎండలు ముదిరాక కాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఏటా ఒకసారి చేయించాలి. మేడ అంచున ఉన్న బయటి పెట్టెను ఇంటివారు వంగి కడగబోవడం ప్రాణాపాయం.

సర్వీసుకు వచ్చినవారు గ్యాస్ తగ్గింది, నింపాలి అంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఏసీలోని గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతుంది. వంటగ్యాస్‌లా వాడకంతో అయిపోయేది కాదు. నిజంగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. ముందు కారే చోటు చూపించి, దానిని మూసి, తరువాతే నింపమని కోరాలి. ప్రతి ఏడూ గ్యాస్ నింపించుకోవలసి వస్తుంటే లోపం సరికానట్టే.

అద్దె ఇంట్లో

ఇంటి యజమాని అమర్చిన ఏసీని ఎవరు సర్వీసు చేయించాలన్న మాట చాలాచోట్ల తేలదు. ఎవరూ చేయించరు, బిల్లు మాత్రం అద్దెకున్నవారే కడతారు. తమిళనాడులో 2019లో అమలులోకి వచ్చిన అద్దె చట్టం ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ఏసీ సర్వీసు ఖర్చు ఎవరిదో అందులోనే ఒక వాక్యం రాయించుకుంటే తగవు ఉండదు. ఇంట్లో చేరిన రోజు మీటరు అంకె రాసిపెట్టుకోవాలి. రెండు వాటాలకు కలిపి ఒకే మీటరు ఉన్నదేమో అడగాలి. అలా ఉంటే ఇద్దరి వాడకమూ కలిసి 500 గీతను త్వరగా దాటుతుంది.

గాలి గొట్టాలు ఉన్నచోట

వేలూరు ఇళ్లలో విడి ఏసీలే ఎక్కువ. పెద్ద ఆసుపత్రులు, సినిమా హాళ్లు, కొన్ని కల్యాణ మండపాల్లో ఒకేచోట చల్లబరచిన గాలిని డక్ట్‌లనే గొట్టాల ద్వారా పంపుతారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో చాలావరకు ఇదే ఏర్పాటు. వేసవిలో చల్లగాలి, చలికాలంలో వెచ్చని గాలి ఒకే గొట్టాల్లో వస్తాయి. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు అక్కడ డక్ట్ శుభ్రపరిచే సేవల ప్రకటనలు కనిపిస్తాయి. ఆ పని క్రమం తప్పకుండా చేయించనవసరం లేదని, గొట్టాల్లో బూజు పట్టినప్పుడు, ఎలుకలో పురుగులో చేరినప్పుడు, దుమ్ముతో మూసుకుపోయినప్పుడు చేయిస్తే చాలునని ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ సలహా. సాధారణమైన ఇంట్లో డక్ట్‌ల అతుకుల దగ్గర 20 నుండి 30 శాతం గాలి వృథాగా పోతుందని అక్కడి ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతుంది. కనుక అక్కడైనా ముందు ఫిల్టరు మార్చాలి, తరువాత కారే అతుకులు మూయించాలి. గొట్టాలు కడిగించడం ఆ తరువాతి మాట.

గుర్తుంచుకోవలసినవి

1. చల్లదనం తగ్గితే మొదట రిమోటు కాదు, ఫిల్టరు చూడాలి.
2. వేసవిలో రెండు వారాలకొకసారి ఫిల్టరు కడగాలి. కాయిల్ సర్వీసు ఎండలకు ముందే చేయించాలి.
3. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచి, ఫ్యాను కూడా వేసుకోవాలి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది.
4. నెలకొకసారి మీటరు చూసి, 500 గీత ఎంత దూరంలో ఉన్నదో తెలుసుకోవాలి.
5. గ్యాస్ నింపే ముందు కారే చోటు చూపించమని అడగాలి.