మరపు వ్యాధి గల పెద్దలకు చేతిపని

ఇంటిలోని పెద్దలు కొందరు అప్పుడే భోజనము చేసి లేచియు, తమకు అన్నము పెట్టలేదని అడుగుదురు. ఏండ్ల తరబడి తిరిగిన వీధిలోనే దారి తప్పుదురు. దీనిని ముసలితనపు చాదస్తమని పలువురు తలంతురు. కాని ఇది డిమెన్షియా యను మెదడు వ్యాధికి లక్షణము కావచ్చును. మన దేశమున 60 ఏండ్లు, అంతకు పైబడినవారిలో సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి గలదని 2023లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము అంచనా వేసినది.

మొదట వైద్యునికి చూపవలెను. థైరాయిడ్ లోపము, బి-12 విటమిను లోపము, మనోవ్యాకులత మున్నగువాని వలన కూడ మరపు కలుగును. వీనికి చికిత్స గలదు. డిమెన్షియాలో ఎక్కువగా కానవచ్చు అల్జీమర్ వ్యాధిని పూర్తిగా నయము చేయు మందు నేటికిని లేదు. అయినను కుటుంబము చేయదగినది చాల గలదు.

ఇందుకు తోడ్పడు శాస్త్రమే వృత్తి చికిత్స. ఇచట వృత్తి యనగా స్నానము, భోజనము, వస్త్రధారణము, ఇంటిపని మొదలగు నిత్యకృత్యములన్నియు. దీనిని బోధించు తొలి పాఠశాలను మన దేశమున 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శ్రీమతి కమలా నింబ్కర్ ప్రారంభించిరి. రోగి ఇంకను ఏ పని చేయగలడో చికిత్సకులు మొదట పరిశీలింతురు. క్రొత్త సంగతులు మనసున నిలువకపోయినను, చేతులకు అలవడిన పనులు చాల కాలము నిలిచియుండును.

ప్రేమచేత మనము చేయు పొరపాటొకటి గలదు. ఒక ముసలమ్మ పొయ్యిమీద గిన్నె మరచి మాడ్చినదనుకొనుడు. ఇంటివారు భయపడి ఆమెను వంటయింటికే రానీయరు. నాటినుండి ఆమె మూల కూర్చుండును. సాయంకాలమగుసరికి ఇంటికి పోవలెనని కలవరపడును. పొయ్యి వద్దకు పోనీయకుండుట న్యాయమే. కాని చిక్కుడుకాయల ఈనెలు తీయుట, వత్తులు చేయుట, ఉతికిన బట్టలు మడచుట ఆమె చేయగలదు. ఉన్న శక్తిని వాడనిచో అదియు త్వరలో సన్నగిల్లును. మడత వంకరయైనను ఆమె యెదుట సరిదిద్దరాదు.

ఇంటివారు పాటింపవలసినవి:

1. ఒక్కసారి ఒక్క మాటయే చెప్పవలెను. "తువాలు తీసుకో అమ్మా" అని, ఆ పని ముగిసిన పిమ్మట తరువాతి మాట చెప్పవలెను.

2. బట్టలను కట్టుకొను వరుసలోనే అందుబాటున ఉంచవలెను.

3. మరుగుదొడ్డి తలుపుపై దాని బొమ్మ అంటించి, రాత్రి దీపము వెలుగనీయవలెను. నేల తడి లేకుండ చూడవలెను.

4. స్నానము, భోజనము, నిద్ర ప్రతిదినము ఒకే వేళకు జరుగవలెను.

5. తప్పు పట్టి వాదింపరాదు. ఆ భయమును గ్రహించి మెల్లగా మాటాడి, చేతికి తెలిసిన పని నందీయవలెను.

6. సేవ చేయు భారము ఒక్కరిపైననే మోపరాదు. కోడలో, కూతురో అలసిపోయినచో రోగికి దిక్కెవరు? ఇంటివారందరు వంతులు వేసికొనవలెను.

మనసునకు కష్టము తోచినపుడు 14416 నంబరు గల టెలి-మానస్‌కు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. పెద్దలు మన పేరు మరచిన నాడును, మన ప్రక్కన కూర్చుండి కూర తరుగుటకు సాయపడగలరు. ఆ చోటును వారికి మిగిల్చి ఉంచుట మన చేతిలోని పని.