ముందు చెవికి తెలియనీ

చి. అమ్మడుకి,

ఎల్‌కేజీలో చేరి ఇన్నాళ్లయినా పిల్లాడు 'అ' రాయడం లేదని, పక్కింటి పాప అప్పుడే హల్లుల్లోకి వెళ్లిపోయిందని ఫోన్‌లో దిగులుపడ్డావు. బెంగ పెట్టుకోకమ్మా. నాలుగేళ్ల వేళ్లకి పెన్సిల్ మీద పట్టు ఇంకా రాదు. పేజీలకి పేజీలు దిద్దించినంత మాత్రాన చదవడం రాదు. ఏళ్ల తరబడి ఒకటో తరగతికి చెప్పినదాన్ని, గట్టిగానే అంటున్నాను.

ముందు చెవికి తెలియాలి. 'పలక' అంటూ వాడిచేత మూడు చప్పట్లు కొట్టించు. ప, ల, క. 'ప' తీసేస్తే ఏం మిగిలిందిరా అని అడుగు. 'లక' అని నవ్వుతాడు. 'ప' బదులు 'చి' పెట్టమను. 'చిలక!' అని అరుస్తాడు. 'గి' పెడితే గిలక. ఈ ఆట స్నానం చేయిస్తూ ఆడొచ్చు, బస్సులో ఆడొచ్చు. మాటని ఇలా విప్పి కట్టడం వచ్చిన పిల్లలకి గుణింతాలు తేలిగ్గా పట్టుబడతాయి. రానివాళ్లు క, కా, కి అని పాటలా అప్పజెబుతారు గానీ, మధ్యలో 'కే' మీద వేలు పెట్టి అడిగితే మళ్లీ మొదటినుంచి అందుకుంటారు. అలాంటి పిల్లల్ని ఎంతమందిని చూశానో!

అక్షరాలు చూపించేటప్పుడూ వరస పట్టుకుని కూర్చోకు. ప, వ, ష ఒకే రోజు చూపిస్తే ఎవరైనా తికమకపడతారు. 'తల', 'వల' చదవగలిగేలా రెండు మూడు అక్షరాలు చాలు ముందు. ఋ, ఙ, ఞ ఎక్కడికీ పోవు.

రాత్రిపూట ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాక్యం కింద వేలు జరుపుతూ కథ చదువు. మధ్యలో ఆగి 'ఇప్పుడు కోతి ఏం చేస్తుందంటావు?' అని అడుగు. ఏం చెప్పినా సరే, విను. చదివిన పుస్తకమే మళ్లీ చదవమంటే విసుక్కోకు. అలా వింటూ వింటూనే అందులో మాటలు సొంతం చేసుకుంటారు. సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' వాళ్ల బొమ్మల పుస్తకాలు కొన్ని తెప్పించు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగానే ఉన్నాయి. ఫోన్ మాత్రం నీ చేతిలోనే ఉంచుకుని చదివి వినిపించు.

2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా, అర్థం చేసుకుంటూ చదవడానికి మూడో తరగతి పూర్తయ్యేదాకా గడువిచ్చింది. నాలుగేళ్లవాడి మీద నీకెందుకే అంత తొందర? ఒకసారి బడికెళ్లి, ఇంటికిచ్చే రాతపని తగ్గించమని టీచరుగారిని అడుగు. అడగడానికి మొహమాటపడకు.

ఇట్లు,
మీ అత్తయ్య