తలుపు పలకకు సందు విడువు

అల్లుడూ,

బాన్సువాడలో నువ్వు చేసిచ్చిన టేకు తలుపు పలక మొన్నటి ఎండలకు నిలువునా పగిలిందని, ఈసారి ఫెవికాల్ ఇంకా దట్టంగా పట్టిస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ముందుగా ఆ పగులును గోరుతో తడిమి చూడు. సాధారణంగా అది అతుకు మీద రాదు. అతుక్కి కాస్త పక్కన, చెక్కలోనే వస్తుంది. సరిగా ఆరిన జిగురు పట్టు టేకు కంటే గట్టిది కాబట్టి, డబ్బా మొత్తం పోసినా ఆ పగులు ఆగదు.

అసలు కారణం గాలిలో ఉంది. వానకాలంలో మన బీర్కూర్ చుట్టూ మంజీర, నిజాంసాగర్ కాలువ, నాట్లేసిన మళ్లు. ఎక్కడ చూసినా నీళ్లే. ఏప్రిల్, మే వచ్చేసరికి వడగాడ్పు. కోసి ఎన్నేళ్లయినా చెక్క ఆ గాలిలోని చెమ్మను పీల్చి ఉబ్బుతుంది, వదిలి కుంచించుకుపోతుంది. పొడవునా ఆ తేడా లెక్కలోకి రాదు, వచ్చేదంతా వెడల్పులోనే. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట 5 నుంచి 6 శాతం తగ్గుతుంది, దూట నుంచి బెరడు దిక్కు అందులో సగమే. వలయాలు అడ్డంగా పడుకున్న అడుగున్నర పలకలో చెమ్మ 14 శాతం నుంచి 8 శాతానికి దిగితే, వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. నాలుగు అంచులూ చట్రంలో జిగురుతో బిగిస్తే ఆ 5 మిల్లీమీటర్లు ఎటు పోవాలి? పలకను చీల్చుకునే పోతాయి.

వంకర పోవడమూ ఇదే లెక్క. ఎండే పలకలో వలయాలు తిన్నగా కావాలని చూస్తాయి, అంచులు బెరడు దిక్కు లేస్తాయి. బయటి మొహానికి మాత్రమే పాలిష్ కొడితే లోపలి మొహం ఒక్కటే చెమ్మ పీల్చి వదులుతుంది. అట్లా అయితే మంచి చేవ కర్ర కూడా మెలి తిరుగుతుంది.

కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు తెల్ల పొణికి కర్రను ముందే సన్నని వేడి మీద ఆరబెడతారు. ఆ తర్వాతే ముక్కలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అరచేతిలో పట్టే బొమ్మకే అంత ఓపిక పట్టారు, నిలువెత్తు తలుపుకు పట్టకపోతే ఎట్లా? ప్లైవుడ్‌లో ఒక పొర పోగు నిలువుగా, మరో పొర పోగు అడ్డంగా పెట్టి ఒకదాని కదలికను ఇంకొకదానితో ఆపుతారు. ఒకే దిక్కు పోగున్న పలకకు ఆ వీలు లేదు, దానికి జాగా విడవాల్సిందే.

కాబట్టి సామిల్లు నుంచి కర్ర తెచ్చిన రోజే రంద పట్టకు. పలకల మధ్య పుల్లలు పెట్టి, నీడన, గాలాడే చోట పేర్చు. మొనల నుంచి చెమ్మ అన్నిటికంటే త్వరగా పోతుంది, పగులు మొదలయ్యేదీ అక్కడే. అందుకని రెండు మొనలకూ రంగు పూసి ఉంచు. బల్లలకూ ఇదే లెక్క: కింద అడ్డబద్దలు బిగించేటప్పుడు నడిమి స్క్రూ ఒక్కటే గట్టిగా పట్టాలి, కడమ రంధ్రాలను పలక వెడల్పు దిక్కు పొడుగ్గా తొలువు.

బాన్సువాడ తలుపుకు ఇప్పుడే లప్పం పెట్టకు. వానలకు పలక ఉబ్బి దాన్ని నలిపేస్తుంది, వచ్చే ఎండలకు మళ్లీ సందు పడుతుంది. కార్తీకంలో పలకను ఊడదీసి, పగులు వెంట కోసి, కొత్తగా అతికించు. చట్రం గాడిలో ఒక్కో పక్క 3 మిల్లీమీటర్లు విడువు, అక్కడ జిగురు చుక్క కూడా పడొద్దు. పైనా కిందా సరిగ్గా నడిమధ్యన ఒక్కో సన్న మేకు చాలు. చట్రంలో కూర్చోబెట్టే ముందే రెండు మొహాలకూ, గాడిలో దాగే అంచులకూ పాలిష్ కొట్టు, లేకుంటే ఎండకాలం పలక కుంచించుకున్నప్పుడు అంచున తెల్లటి గీత బయటపడుతుంది.

మీ మామ,
బీర్కూర్