అలసిన గుండె – వందమంది లెక్క

రెండేళ్ళ క్రితం మా తాతయ్యను పట్నంలో గుండె డాక్టరుకు చూపించాము. ఎకో తీసి "హార్ట్ ఫెయిల్యూర్" అన్నారు. మా నాన్న ఒకటే అడిగాడు: "ఎన్నాళ్ళుంటాడు సార్?" డాక్టరుగారు కాసేపు ఆలోచించి, "ఇలాంటివాళ్ళు వందమందిని గురించి అడిగితే చెప్పగలను గాని, ఈయనొక్కరిని గురించి చెప్పలేనయ్యా" అన్నారు. నాన్నకు ఆ జవాబు నచ్చలేదు. నాకూ అప్పుడు అర్థం కాలేదు. ఆ వందమంది లెక్క ఎట్లా కడతారో తెలుసుకుందామని చదివిన సంగతులే ఈ వ్యాసం.

గుండె వైఫల్యమనగా గుండె ఆగిపోవడం కాదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, చివరి మడికి మాత్రం నీళ్ళందవు. అటువంటిదన్నమాట. ఆరోగ్యవంతుని ఎడమ జఠరికలో సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం నిండితే, ఒక్కో స్పందనకు 70 దాకా బయటికి పోతుంది. అంటే దాదాపు 58 శాతం. దీన్నే ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. 40 గాని అంతకు లోపు గాని ఉంటే తగ్గినట్లు లెక్క. తాతయ్యకు 30. అయితే ఈ అంకె ఒక్కటీ చూసి జోస్యం చెప్పరాదు. ఇది 50 దాటినవారిలో కూడా గుండె బిగుసుకుపోయి, సరిగా నిండక, ఈ జబ్బు రావచ్చు.

యంత్రాలేవీ అక్కరలేని కొలత ఒకటుంది. న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ వారు 1928లో రోగులను నాలుగు తరగతులుగా విభజించారు. మామూలు పనికి ఆయాసం రానివాడు మొదటి తరగతి. కూర్చున్నా ఆయాసపడేవాడు నాలుగవ తరగతి. ఇంత పాత పద్ధతి నేటికీ చెల్లుబాటులో ఉండడం నాకు ఆశ్చర్యమనిపించింది.

రక్తపరీక్షల్లో ముఖ్యమైనది బి.ఎన్.పి. 1988లో జపాను శాస్త్రజ్ఞులు దీన్ని పంది మెదడులో కనుగొన్నందున పేరులో 'బ్రెయిన్' చేరింది. నిజానికి ఎక్కువగా స్రవించేది జఠరికలే. గోడలు సాగినకొద్దీ ఇది పెరుగుతుంది. ఎంత పెరిగితే అంత ప్రమాదం.

ఇవన్నీ కలిపి లెక్క కట్టే పద్ధతుల్లో 2013లో వెలువడిన 'మ్యాజిక్' స్కోరు ఒకటి. పేరు చూసి నవ్వుకోకండి! 30 అధ్యయనాల్లోని 39,372 మంది వివరాలు కూర్చి, 13 అంశాలకు మార్కులు వేశారు. వయసు, క్రియాటినిన్, చక్కెర వ్యాధి, పొగతాగడం వంటివి ఊహించదగినవే. కాని పై రక్తపోటు తక్కువగా ఉన్నా, మనిషి బక్కపలచగా ఉన్నా మార్కులు పెరుగుతాయి, అనగా ముప్పు ఎక్కువ. "బి.పి. తక్కువేగా, మంచిదే" అని మా ఇంట్లో సంతోషించినవాళ్ళం మేము! మొత్తం మార్కులను బట్టి అటువంటి వందమందిలో ఏడాదిలో ఎందరు, మూడేళ్ళలో ఎందరు చనిపోవచ్చునో తెలుస్తుంది. ఆ ఎందరిలో మనవాడున్నాడో లేడో మాత్రం తెలియదు. డాక్టరుగారి మాటకు అర్థం అదీ.

ఇంకొక చిక్కు. మనవాళ్ళ లెక్క వేరుగా ఉండవచ్చు. తిరువనంతపురంలో 2013లో ఆస్పత్రుల్లో చేరిన 1,205 మందిని నమోదు చేసి అయిదేళ్ళు గమనించారు. వారి సగటు వయసు 61 మాత్రమే. అయిదేళ్ళలో నూటికి 59 మంది చనిపోయారు. ఇది చదివిన రోజు నేను ఇంటికి ఫోను చెయ్యలేదు.

మరి తెలుసుకొని ఏం లాభం? నాకు దొరికిన జవాబు 1987 నాటి ఒక ప్రయోగం. తీవ్ర వైఫల్యమున్న 253 మందిలో కొందరికి ఎనలాప్రిల్, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఆరు నెలల్లో ఉత్తుత్తి మాత్రల వారిలో 44 శాతం, మందు తిన్నవారిలో 26 శాతం చనిపోయారు. అంటే ఈ అంకె నుదుటిరాత కాదు, మందు పడితే మారుతుంది. ఆ తరువాత బీటా బ్లాకర్లు మొదలుకొని ఇంకా మంచి మందులు చేరాయి. ముప్పు ఎక్కువున్నవాణ్ణి ముందే గుర్తిస్తే, మందుల మోతాదు ఆలస్యం చెయ్యకుండా పెంచవచ్చు, త్వరత్వరగా పిలిచి చూడవచ్చు.

ఇంట్లో చెయ్యగలిగినది రోజూ బరువు చూడటం. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆయాసం ముదరకముందే డాక్టరును కలవాలి. మా ఇంట్లో ధాన్యం తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉంది. పొద్దున్నే తాతయ్య దానిమీద నిలబడతాడు, నాన్న క్యాలెండరు మీద రాస్తాడు. కిందటేడు సంక్రాంతికి 54 నుంచి మూడు రోజుల్లో 56న్నర అయింది. పచ్చళ్ళ మహిమ! వెంటనే తీసుకువెళితే నీరు పోయే మాత్ర పెంచారు, ఆస్పత్రిలో చేరే పని తప్పింది.

నాన్న ఇప్పుడు "ఎన్నాళ్ళు" అని అడగడం లేదు. నేను ఫోను చేస్తే ముందుగా కాటా అంకె చెబుతాడు. ఈ ఉదయం 54.