డీజే నిజంగా ఏం చేస్తాడు? ఒక మెలోడిక్ టెక్నో పాఠం

"బటన్ నొక్కి చేతులూపడమే కదరా, దానికి అన్ని డబ్బులెందుకు?" ల్యాప్‌టాప్‌లో టుమారోలాండ్ సెట్ చూస్తుంటే మా రూమ్మేట్ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పైగా పోయిన సెమిస్టర్ హాస్టల్ నైట్‌లో రెండు పాటలు కలపబోయి, అందరూ చెవులు మూసుకునేలా చేసింది నేనే. ఎక్కడ తప్పానో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. తెలిసింది ఇదీ.

ముందు కొంచెం నేపథ్యం. టెక్నో 1980లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టింది. హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ దానికి ఆద్యులు. ఆ తాళం మీద మైనర్ స్కేల్ మెలొడీలు పరిస్తే మెలోడిక్ టెక్నో. ఇటలీ జంట టేల్ ఆఫ్ అస్ 2016లో పెట్టిన ఆఫ్టర్‌లైఫ్ లేబుల్ దీన్ని పెద్ద స్టేజీలకు చేర్చింది. బెల్జియంలోని బూమ్ అనే ఊళ్లో 2005 నుంచి జరుగుతున్న టుమారోలాండ్ అలాంటి చోటే.

మొదటి పని లయ. ఈ పాటలు ఎక్కువగా 120 నుంచి 126 బీపీఎం మధ్య ఉంటాయి. ఒకటి 122, ఇంకోటి 124 అయితే రెండోదాన్ని 1.6 శాతం తగ్గించాలి. అది సింక్ బటనే చేసేస్తుంది. కానీ పాట 16, 32 బార్ల ముక్కలుగా నడుస్తుంది. 124 బీపీఎంలో 32 బార్లంటే 128 బీట్లు, దాదాపు 62 సెకన్లు. కొత్త పాట ఆ ముక్క మొదట్లోనే ఎక్కాలి. లేదంటే పద్యంలో ఒక పాదం పూర్తికాకుండా ఇంకో పాదం అందుకున్నట్టు ఉంటుంది.

రెండోది శ్రుతి. నేను బోల్తా పడింది ఇక్కడే. డీజేలు క్యామెలాట్ వీల్ అనే గడియారం లాంటి చక్రం వాడతారు. అందులో ఏ మైనర్ 8ఏ, పక్కనున్న ఈ మైనర్ 9ఏ. ఈ రెండు స్కేళ్లకీ ఏడు స్వరాల్లో ఆరు కామన్. నేనేమో ఏ మైనర్ మీద బి ఫ్లాట్ మైనర్ పాట వేశాను. వాటికి కామన్‌గా ఉన్నవి రెండే! బీట్లు చక్కగా కలిశాయి, స్వరాలు కొట్టుకున్నాయి.

మూడోది ఎదురుచూపు. సెట్ మధ్యలో కిక్ డ్రమ్ ఆగిపోతుంది. సింథ్ మెలొడీ ఒక్కటే మిగులుతుంది. జనం కాళ్లు ఆగి, చేతులు పైకి లేస్తాయి. కిక్ మళ్లీ ఎప్పుడు రావాలి? తొందరపడితే కిక్కు ఉండదు, ఆలస్యమైతే జనం ఫోన్లు తీస్తారు. ఇది ఏ బటనూ చెప్పదు, ఎదురుగా ఉన్న ముఖాలే చెప్పాలి.

ఇక్కడ మన ఫిజిక్స్ కూడా ఉంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. స్టేజీ స్పీకర్ల నుంచి 100 మీటర్ల దూరం వెళ్లడానికి 0.29 సెకన్లు. 124 బీపీఎంలో ఒక బీట్ 0.48 సెకన్లు. అంటే అక్కడున్నవాళ్లు సగం బీట్ కంటే ఎక్కువ వెనకబడి ఉంటారు. వాళ్ల చప్పట్లు చూసి బీట్ కలిపితే అంతే సంగతులు. అందుకే డీజే పక్కనే మానిటర్ స్పీకర్లు, చెవికి హెడ్‌ఫోన్.

ఇదంతా చెప్పి మా వాడిని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. సింక్ ఆన్ చేసే ఇచ్చాను. వాడు ప్లే నొక్కాడు, సరిగ్గా రెండు బార్లు లేటుగా. "ఇంకోసారి ఇవ్వరా" అన్నాడు. ఆ రాత్రి మేం పడుకునేసరికి మూడైంది.

మీరూ ఈసారి ఏదైనా సెట్ చూసేటప్పుడు కిక్ ఆగగానే బార్లు లెక్కపెట్టండి. ఎన్ని బార్లకి తిరిగొచ్చిందో క్లబ్‌లో కలిసినప్పుడు నాకు చెప్పండి.